సుభానీ పట్టాల్సిన చేప

సముద్రం ఒడ్డున నిలబడి గాలం వెయ్యడం నేర్పిస్తామంటూ ఫోనుల్లో బోలెడు వీడియోలు తిరుగుతున్నాయి. టోపీ, నల్లద్దాలు, చేతిలో బారెడు చేప. ఆ చేపని ఎవరు పట్టారో దేవుడికే తెలియాలి. వాటిని చూసి గుంటూరులో కూర్చుని సామాను కొనేసే మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి వాళ్ళని తిట్టే హక్కు నాకుంది.

జనవరి చివర్లో నేనూ మా సుభానీ మూడు రోజులు సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం తిరిగొచ్చాం. మిరప చేలకీ పత్తి చేలకీ అలవాటుపడ్డ మాలాంటివాళ్ళు సముద్రం ముందు ఎన్ని తప్పులు చేస్తారో తెలిస్తే, మీరు వెళ్ళినప్పుడు కొన్నయినా తగ్గుతాయని రాస్తున్నాను. సంతోషంగా తిరిగొచ్చిన యాత్ర కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు తేలిక.

బయలుదేరేముందు

బ్రాడీపేటలో నాది చిన్న కళ్ళజోళ్ళ షాపు. సుభానీ నాతో మున్సిపల్ స్కూల్లో చదివాడు. నలభై ఏళ్ళుగా మిర్చి యార్డులో టిక్కీల మూతులు కుడుతున్నాడు. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కి నింపిన గోతం. దబ్బనంలోకి పురికొస ఎక్కించి, మూతి ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టి, ఒక్క గుంజుతో ముడేసి తెంపుతాడు. మాట్లాడుతూ కుడతాడు, తుమ్ముతూ కూడా కుడతాడు. ఆదివారం వస్తే ఇద్దరం బస్సెక్కి ఏదో ఒక తీరానికి పోయేవాళ్ళం. పదిహేనేళ్ళుగా మాకున్న సరదా అదొక్కటే. వాడికి చేపలు పట్టడం వచ్చు, నాకు సామాను కొనడం వచ్చు.

రెండేళ్ళ క్రితం వాడికి పక్క నుంచి వచ్చే మనుషులు కనపడటం తగ్గింది. తలుపులకి భుజం కొట్టుకునేవాడు. నా దగ్గరికొస్తే అద్దాల పవరు మార్చాను. ఏడాది తిరిగాక మళ్ళీ మార్చాను. ఎదురుగా బోర్డు మీద అక్షరాలు గడగడా చదివేవాడు మరి. చివరికి డాక్టరు దగ్గరికి వెళితే నీటికాసులన్నారు, గ్లాకోమా. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి మధ్యలో చిన్న కంత మిగిలింది, లోకాన్నంతా అందులోంచే చూస్తాడు. చుక్కలు వేస్తుంటే కొన్నాళ్ళు ఆగుతుంది గానీ అదీ పోతుందని చెప్పారు. కళ్ళజోళ్ళ షాపువాణ్ణి, నాకు ముందే తట్టాలి. తట్టలేదు. ఆ బాధ నన్ను తింటూనే ఉంది.

యార్డు గేటు దగ్గర టీ కొట్టులో వాడే ఎత్తాడు ఈ ప్రయాణం మాట.

"మూడు రోజులు పోదాంరా ప్రసాదూ. కళ్ళకి తువ్వాలు కట్టుకుంటా. గాలం ముడెయ్యడం కాడ్నుంచి చేపని ఒడ్డున పడేసేదాకా అన్నీ నా చేతులే. ఒక్క చేప చాలు."

"పడకపోతే?"

"పడిందంటే కళ్ళు పోయినా వస్తా. తీసుకొచ్చి ఒడ్డున నిలబెట్టే మనిషుంటే చాలు నాకు. పడలేదనుకో, ఇంక నా వల్ల కాదని తెలిసిపోద్ది. ఇంట్లో కూర్చుంటా. ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు నువ్వు."

"ఎత్తన్లే."

"ఇంకోటి. నువ్వు చెయ్యి పెట్టమాక. నీకు చేతులు ఊరుకోవు."

పెట్టనన్నాను. టీ గ్లాసు మీద కొట్టి మరీ చెప్పాను. వాళ్ళావిడ రజియా బస్టాండు దాకా వచ్చి, చుక్కల సీసా నా జేబులో పెట్టి, "అన్నయ్యగారూ, మోకాలి లోతు దాటి దిగనివ్వకండి" అంది. తనతో చెప్పకుండా నాతో చెప్పడం సుభానీకి నచ్చలేదు. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సూర్యలంక

గుంటూరు దాటాక దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పత్తి చివరి తీత కూడా అయిపోయినట్టుంది, మోళ్ళు మిగిలాయి. లారీల మీంచి రాలిన దూది రోడ్డు పక్క తుమ్మ కంపలకి పట్టుకుని ఉంది. సుభానీ కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకున్నాను. "అలవాటు చేసుకుంటున్నా" అన్నాడు.

బాపట్ల దిగి సూర్యలంక చేరేసరికి బీచి నిండా జనం. సెలవు రోజని నేను చూసుకోలేదు. గుర్రాలు, బుడగలు, బజ్జీల బండ్లు. ప్లేటు మిరపకాయ బజ్జీ అరవై రూపాయలు. మన మిరపకాయని సముద్రం దాకా మోసుకొచ్చి మనకే రెట్టింపు ధరకి అమ్ముతారు, మనం తిని బాగుందంటాం.

కొంచెం ఖాళీగా ఉన్నచోట పదకొండు అడుగుల రాడ్డు బిగించాం. సుభానీ తువ్వాలు కళ్ళకి కట్టుకుని, లైను వేలికి ఆనించి, రాడ్డు వెనక్కి వాల్చి విసిరాడు. వెనకాల ఎవరూ లేరని చూసి చెప్పాల్సింది నేను. చెప్పాను కూడా. చెప్పిన క్షణంలో ఒక అమ్మాయి ఫొటో కోసం వెనక్కి నడుచుకుంటూ వచ్చేసింది. సీసం గుండు ఆమె చెవి పక్క నుంచి పోయింది. గాలం చున్నీ అంచు చింపింది. ఆమె అన్న కాబోలు, మీదికొచ్చాడు.

"ఏం పెద్దాయనా, కళ్ళు కనపడట్లేదా?"

సుభానీ తువ్వాలు పైకి నెట్టుకుని, "కనపడవు బాబూ, తప్పైంది" అన్నాడు.

ఆ కుర్రాడు ఒకడుగు వెనక్కి వేశాడు. అమ్మాయి చున్నీ చింపు చేత్తో దాచుకుంటూ, "ఫర్వాలేదండి" అని వెళ్ళిపోయింది. కోప్పడినా బాగుండేది. మేం సామాను భుజాన వేసుకుని సరుగుడు తోటల వైపు అరగంట నడిచాం. మొదటి పాఠం ఇదే: జనం ఉన్నచోట గాలం విసరకండి. చేపలు కూడా అక్కడ ఉండవు.

తీరంలో ఎక్కడ వెయ్యాలో చాలామందికి తెలియదు. ఎంత దూరం పడితే అంత గొప్పని రెక్కలు నొప్పెట్టేలా విసురుతారు. అలలు ఒక వరసలో తెల్లగా విరిగి, ఆ తరవాత కొంతమేర విరక్కుండా ఉండి, మళ్ళీ ఒడ్డు దగ్గర విరుగుతాయి. మధ్యలో విరక్కుండా ఉండేది గుంట. తిండి అందులోకి కొట్టుకొచ్చి ఆగుతుంది, చేప దాని కోసం అక్కడికి వస్తుంది. కళ్ళున్నవాడికి నీటి రంగు ముదురుగా కనిపిస్తుంది. సుభానీ ఏం చేశాడంటే, కదలకుండా నిలబడి చాలాసేపు విన్నాడు. తరవాత చెయ్యి చాపి, "అక్కడ చప్పుడు తెగుతోంది" అన్నాడు. చూస్తే గుంట సరిగ్గా అక్కడే ఉంది.

రొయ్యని తల తీసి, తోక వైపు నుంచి గాలానికి పొడుగ్గా గుచ్చి, కుట్టు దారంతో నాలుగు చుట్లు చుట్టాడు. చెరువు రొయ్య మెత్తన, అలకి ఊడిపోతుంది, సముద్రపు రొయ్యే కొనుక్కోండి. గాలం కూడా కొన లోపలికి వంగినదైతే మేలు. చేప మింగి వెళ్ళబోతే దాని మూతి అంచుకే తగులుకుంటుంది, మనం గట్టిగా గుంజే పని లేదు. నిదానంగా చుట్టుకుంటే సరిపోతుంది.

నాలుగు గంటలకి పోటు ఎక్కుతుండగా ఏదో అందుకుంది. రాడ్డు కొస టకటకా కొట్టుకుంది. సుభానీ చుట్టడం మొదలుపెట్టాడు. వాడి మొహం చూడాలి. ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఏడాదిలో ఆ మొహం నేను చూడలేదు. ఇరవై చుట్లు వచ్చాక లైను వదులైపోయింది.

చుట్టి చూస్తే గాలం లేదు. లైను చివర చిన్న స్ప్రింగులాగా మెలికలు తిరిగి ఉంది. రెండో పాఠం ఇది. లైను చివర గరుగ్గా ఉంటే చేప కొరికినట్టు లేదా గుల్లకి రాసుకున్నట్టు. మెలికలు తిరిగి ఉంటే ముడి జారినట్టు.

"ఏ ముడేశావురా?" అన్నాను.

"ఏముంది, మామూలుదే" అని ఖాళీ లైనుతో మళ్ళీ వేసి చూపించాడు. టిక్కీ ముడి. పురికొస గరుకు, ఒక్క గుంజుకి తనని తానే కరుచుకుంటుంది. నైలానుకి ఆ గుణం లేదు. ఇన్నాళ్ళూ చూస్తూ కట్టినప్పుడు గాలం ముడి సరిగ్గానే కట్టేవాడు. కళ్ళకి గుడ్డ కట్టేసరికి చేతులు తమకి నలభై ఏళ్ళుగా తెలిసిన పనికే పోయాయి. వాడికి తెలియకుండానే.

వాడరేవు

మర్నాడు చీరాల మీదుగా వాడరేవు. పొద్దున్నే తీరంలో పెద్ద వల లాగుతున్నారు. అటు పాతిక మంది, ఇటు పాతిక మంది తాడు పట్టుకుని వెనక్కి నడుస్తున్నారు. మమ్మల్ని చూసి, "రండయ్యా, ఓ చెయ్యెయ్యండి" అని పిలిచారు. ఇక్కడి పద్ధతి ఏమిటంటే తాడు మీద చెయ్యి వేసినవాడికి ఎంతోకొంత చేప ఇచ్చి పంపుతారు. ఊరూ పేరూ అడగరు. మా వైపు ఎవరి చేలోనైనా సరదాకి నాలుగు కాయలు కోస్తే నువ్వెవరని అడుగుతారు. మా ఇద్దరికీ కలిపి గుప్పెడు చిన్న చేపలు, కవళ్ళు వచ్చాయి.

"దీన్ని లెక్కలోకి వేసుకోరాదూ" అన్నాను.

"యాభై మంది లాగితే వచ్చింది నాదెట్లా అవుద్ది?" అన్నాడు.

ఆ చేపలు వలవాళ్ళు చూపించిన పోలయ్యగారింట్లో వండించుకున్నాం. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, పడవ మానేసి ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. భార్య నాగమ్మగారు మేం గుంటూరు వాళ్ళమని వినగానే పులుసులో కారం మరో రెండు చెంచాలు గుమ్మరించింది. మీ కారమే కదండీ అంది. తినలేక చచ్చాం. సుభానీ మంచి కంట్లోంచీ పోయిన కంట్లోంచీ ఒకేలా నీళ్ళు కారాయి. "ఏడవడానికి మాత్రం రెండూ పనిచేస్తున్నాయి" అన్నాడు. నవ్వొచ్చే మాటే, ఎవరం నవ్వలేదు.

పోలయ్యగారు మాతో మాట్లాడుతూనే వల అల్లుతున్నాడు. చూపు సముద్రం మీద ఉంది, చేతులు వల మీద ఉన్నాయి. ముడి జారిన సంగతి నేను చెప్పాను. ఆయన సుభానీ చేతికి లైను ఇచ్చి, కట్టమని, వేళ్ళు చూశాడు.

"గోతాలు కుట్టేవాడివా?"

"అవునయ్యా."

"అదే చెప్తాంది నీ చెయ్యి. గోనెకి తడి పనికిరాదు. దీనికి తడే ప్రాణం."

గాలం కంతలోంచి లైను దూర్చి, బయటికొచ్చిన కొసని అసలు లైను చుట్టూ అయిదు మెలికలు తిప్పి, ఆ కొసని మళ్ళీ గాలం దగ్గరి సందులోంచి రానిచ్చి, ఉమ్మితో తడిపి, మెల్లగా లాగాడు. మెలికలన్నీ ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. పొడిగా లాగితే నైలాను వేడెక్కి అక్కడే నీరసిస్తుందట, బరువు పడగానే తెగుతుందట. "మెలికలు బొటనేలి గోరుతో లెక్కబెట్టుకో. కళ్ళతో పనేముంది దీనికి?" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో. సుభానీ ఆ లైను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని అదే ముడి. తడపడం దగ్గరే తప్పేవాడు. పురికొస తడిపి కట్టిన ముడి ఆరాక వదులైపోతుంది, యార్డులో అలా కట్టినవాణ్ణి మేస్త్రీ తిడతాడు. ఆ భయం వేళ్ళలోంచి పోవడానికి మూడు గంటలు పట్టింది. కట్టిన ప్రతి ముడినీ అరుగు స్తంభానికి తగిలించి నేను లాగాను. పదో పన్నెండో జారాయి, తరవాత జారడం మానేశాయి. పోలయ్యగారు ఇంకో పని కూడా చేసిపెట్టాడు. లైనుకి నలభై అడుగుల దగ్గర ఒకటి, ఎనభై దగ్గర ఒకటి నూలు దారం చుట్టి అంటించాడు. చుట్టేటప్పుడు అది వేలికి తగిలితే చేప ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది.

సాయంత్రం జెల్ల పడింది. అరకిలో ఉంటుంది. ముడి ఆగింది, సుభానీ ఒడ్డు దాకా తెచ్చాడు. జెల్లకి వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు ముళ్ళుంటాయి. గుచ్చుకుంటే చెయ్యి వాచి రాత్రంతా ఏడవాలి. వాడు తడుముకుంటూ దాని మీదికి చెయ్యి పోనిస్తుంటే నేను ఆగలేకపోయాను. వాడి మణికట్టు పట్టి పక్కకి నెట్టి, పటకారుతో గాలం తీసేశాను.

"ఇది లెక్కలోకి రాదు" అన్నాడు.

"చేప ఒడ్డుకొచ్చాకే కదరా నేను ముట్టుకుంది?"

"ముట్టుకున్నావా లేదా?"

"ముల్లు గుచ్చుకునేదిరా."

"గుచ్చుకోనీ. రేపు నువ్వుండవు, నేనే చూసుకోవాలిగా."

కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది. మళ్ళీ చెయ్యి పెట్టనని రెండోసారి మాటిచ్చాను.

ఒంగోలు మీదుగా

ఒంగోల్లో లాడ్జి గది తొమ్మిది వందలు. ఉప్పు నీళ్ళలో వాడిన రీలు ఆ రోజే మంచినీళ్ళతో కడగాలి, లేకపోతే వారంలో బిగుసుకుపోతుంది. బకెట్లో ముంచి కడుగుతున్నాను. సుభానీ మంచం మీద కూర్చుని కంట్లో చుక్కలు వేసుకుంటున్నాడు. చుక్క చెంప మీద పడుతోంది. మూడుసార్లు పడింది. లేవబోయి ఆగాను. నాలుగోసారి పడింది కంట్లో.

పొద్దున్నే టిఫిను దగ్గర ఒక పొగాకు రైతు మా రాడ్డు సంచీ చూసి ఏమిటని అడిగాడు. చెప్తే, చేపలు బజారులో దొరుకుతాయిగా అన్నాడు. నిజమే. పొగాకు మాత్రం నమిలి బతుకుతామా అని అనబోయి, ఆయన మొహంలో అలసట చూసి మానేశాను. ఈ ఏడు ఆకు సరిగ్గా రాలేదట. సుభానీ ఆయనతో చాలాసేపు మాట్లాడాడు. నష్టం సంగతులు వినడం వాడికి బాగా వచ్చు.

కొత్తపట్నం

కొత్తపట్నం తీరంలో దక్షిణంగా చాలా దూరం నడిస్తే ఉప్పునీటి పాయ ఒకటి సముద్రంలో కలుస్తుంది. అలాంటి చోట పండుగప్పలు తిరుగుతాయి. వాటి దవడలు గరుకు, మొప్ప మూత అంచు కత్తిలా ఉంటుంది, మామూలు లైను రాసుకుని తెగిపోతుంది. అందుకని గాలానికి పైన మూరెడు లావు లైను కట్టుకోవాలి. సీసం గుండు గుండ్రంగా ఉంటే అల దొర్లించుకుపోతుంది, పలకలున్నది తీసుకుంటే ఇసుకలో కూరుకుని నిలబడుతుంది. ఇవన్నీ సుభానీయే కట్టాడు, తువ్వాలు బిగించుకుని, గోరుతో మెలికలు లెక్కబెట్టుకుంటూ. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నిజంగానే కట్టుకున్నాను.

ఆకాశం మబ్బుగా ఉంది. గాలి చల్లగా కొడుతోంది. రెండు గంటల పాటు ఏమీ లేదు. ఎండ్రకాయలు ఎర తినేస్తుంటే మూడుసార్లు కొత్త రొయ్య గుచ్చాడు. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు.

"పోనీ ఇంకో రోజు ఉందాంరా" అన్నాను.

"మూడంటే మూడే."

పోటు సగం ఎక్కింది. లైను మీద ఆనించిన వాడి చూపుడు వేలు ఉన్నట్టుండి బిగుసుకుంది. రాడ్డు కొస ఇంకా కదల్లేదు, వేలికి ముందే తెలిసింది. ఆగాడు. కొస ఒక్కసారిగా వంగింది, రీలు గిర్రున తిరిగి లైను బయటికి పోయింది. రీలు బిగుతు ముందే కాస్త వదులు చేసి పెట్టుకోవాలనేది ఇందుకే, పెద్ద చేప మొదటి పరుగుని ఆపబోతే లైను తెగుతుంది. సుభానీ ఆపలేదు. పోనిచ్చాడు.

ఆ తరవాత పావుగంట వాడు చేసినంత చక్కటి పని నేను ఇంతవరకూ చూడలేదు. అల వచ్చి కాళ్ళకి నీళ్ళు తగిలితే, చుట్టుకుంటూ వెనక్కి రెండడుగులు. అల వెనక్కి పోతూ పాదాల కింద ఇసుక జారితే, ఆగిపోయి రాడ్డు పైకెత్తి నిలబడటం. అల తెచ్చినంత తీసుకుంటున్నాడు, అల లాక్కున్నప్పుడు ఇచ్చేస్తున్నాడు. ఎనభై గుర్తు వేలికి తగిలినప్పుడు పైకి చెప్పాడు. నలభై తగిలినప్పుడు చెప్పలేదు, పెదాలు మాత్రం కదిలాయి.

అప్పుడు చేప కనిపించింది నాకు. పండుగప్ప, మూడు కిలోలకి తగ్గదు. నురగలో పక్కకి ఒరిగిపోయి ఉంది. దాని పని అయిపోయింది. మోకాలి లోతు కూడా లేదు నీరు. ఇంకొక్క అల వస్తే దానంతట అదే ఇసుక మీదికి వచ్చి పడుతుంది. సుభానీ ఆ అల కోసమే ఆగి ఉన్నాడు.

నేను ఆగలేకపోయాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఏ ఆపదా లేదు. లైను తెగడం లేదు, గాలం ఊడటం లేదు. చేప కనపడింది, నా ఒళ్ళు నాకు తెలియలేదు. "ఉండరా, ఉండు" అంటూ పరిగెత్తి వాడి చేతుల్లోంచి రాడ్డు లాక్కుని, వెనక్కి గుంజుకుంటూ పోయి, చేపని ఇసుక మీద పడేశాను. పడేశాక గాని నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు.

సుభానీ అక్కడే ఉన్నాడు, చేతులు రాడ్డు పట్టుకున్నట్టే ముందుకు చాపి. ఆ అల వచ్చింది. వాడి కాళ్ళకి తగిలి, వెళ్ళిపోయింది. తరవాత చేతులు దించాడు.

"ఏం చేపరా?" అన్నాడు తువ్వాలు విప్పకుండానే.

"పండుగప్ప."

"ఎంతుంటది?"

"మూడు కిలోలుంటుంది. ఒరేయ్ సుభానీ..."

"మంచిదే" అన్నాడు.

వల ఆరేసుకుంటున్న ఇద్దరు మనుషులు చూడటానికి వచ్చారు. చేపని కాలితో కదిపి, ఎవరు పట్టారని అడిగారు. నేను నోరు తెరిచేలోగా సుభానీ, "మావాడు పట్టాడండి" అన్నాడు. వాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. గుంటూరు నుంచి వచ్చి పట్టుకుపోతున్నారే అన్నారు. అంత సిగ్గు నా జన్మలో ఎరగను. సముద్రం అంతా ముందే ఉంది, అందులోకి నడిచిపోదామనిపించింది.

తిరిగి గుంటూరు

థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి చేపని తెచ్చాం. బస్సులో నేను మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ వాడు పక్కవాళ్ళతో మిరప ధర గురించి మాట్లాడాడు. రజియా ఆ చేప వండి నాకు కూడా డబ్బా పంపింది. మా ఇంట్లోవాళ్ళు తిన్నారు. నాకు దిగలేదు.

నెలన్నర తరవాత వాళ్ళింటికి వెళ్ళాను. ఆ కంత కూడా మూసుకుపోయింది, వెలుతురు ఎటుందో మాత్రం తెలుస్తుందట. యార్డు పని మానేశాడు. రాడ్డు ఎవరికో ఇచ్చేశాడు. టీ తెచ్చి రజియా లోపలికి వెళ్ళాక, కొత్తపట్నం మాట ఎత్తాను. ఎత్తనని మాటిచ్చినవాణ్ణే, అయినా ఎత్తాను.

"తప్పు నాదిరా. నేను లాక్కోకుండా ఉండాల్సింది."

"పోన్లేరా. నువ్వు లాగబట్టి దక్కింది. లేకపోతే పోయేది."

వాడు నా మీద కోపంతో ఉన్నాడనుకుంటూ వచ్చాను. కోపం కాదు. ఆ మాట వాడు నిజంగా నమ్ముతున్నాడు. చివర్లో చేప జారిపోబోయిందని, నేను చూసి కాపాడానని, తను చూడలేకపోయాడు కాబట్టి పోగొట్టేవాడేనని తేల్చేసుకున్నాడు. ఈ నెలన్నరా ఆ తీర్పు మీదే కూర్చుని ఉన్నాడు.

"లేదురా, అది అప్పటికే ఒరిగిపోయింది. ఇంకొక్క అల చాలు. నువ్వు పట్టేశావు. నేను ఊరికే ఆత్రంతో లాక్కున్నాను."

నవ్వాడు. నా చెయ్యి వెతుక్కుని దాని మీద తట్టాడు.

"నా మనసు కష్టపెట్టకూడదని చెప్తన్నావు. నాకు తెలుసులే."

"ఒట్టురా. నా కళ్ళతో చూశాను."

"నువ్వు చూశావురా. నేను చూళ్ళేదుగా."

ఆ తరవాత ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన కొద్దీ వాడికి ఓదార్పులాగే వినిపిస్తోంది. ఎంత గట్టిగా చెప్తే అంత ఎక్కువ జాలిపడుతున్నానని అనుకుంటున్నాడు. కొత్తపట్నంలో ఆ వేళ చేపని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. వల మనుషులు తరవాత వచ్చారు. ఇంకో సాక్షి లేడు. ఈ కాగితాలు రజియా చేత చదివించాను. మంచం మీద కూర్చుని చివరిదాకా విన్నాడు.

"బాగా రాశావురా," అన్నాడు. "ఆ చివర్లో మాత్రం నా కోసం కాస్త కల్పించావు."